సొర పుట్టు తిన్నవాళ్లకి ఐస్‌లాండ్ సొర అంత వింతా?

నెల్లూరులో నలుగురు కుర్రాళ్లు కూర్చున్నచోట "ఎప్పటికైనా ఒక్కసారి తినాలి అనుకునే తిండి ఏంటి" అని అడిగి చూడండి, జవాబులు చకచకా వచ్చేస్తాయి. కొరియా వాళ్ల కిమ్చి, జపాన్ వాళ్ల సుషీ, కాస్త ధైర్యం ఉన్నవాళ్లయితే దురియన్ పండు, థాయ్‌లాండ్ బజార్లో వేయించి అమ్మే పురుగులు, మరీ మొండివాళ్లయితే స్వీడన్‌లో డబ్బా తెరవగానే జనం పారిపోతారని చెప్పే ఆ కుళ్లబెట్టిన చేప. ఈ పేర్లన్నీ ఫోన్లోంచే వచ్చాయి. ఫోన్లో రుచి రాదు కాబట్టి వీడియోల్లో కనిపించేదల్లా తినేవాడి మొహం, వాడు ఎంత గట్టిగా మొహం చిట్లిస్తే ఆ తిండికి అంత పేరు.

అసలు తేడా ఇక్కడే వస్తోంది. స్వీడన్ వాళ్లు ఆ చేపని, సుర్‌స్ట్రోమింగ్ అంటారు, డబ్బాలోంచి తీసి గటుక్కున మింగరు. ఆగస్టు చివర్లో ఆరుబయట కూర్చుని, పల్చటి రొట్టెలో వెన్న రాసి, ఉడికించిన ఆలుగడ్డ ముక్కలు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ పెట్టి, వాటి మధ్యలో చిన్న ముక్కగా పెట్టుకుంటారు. వీడియోలో చేసేది ఎలాంటిదంటే, మన ఊరికి వచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా గరిటెడు ఆవకాయ నోట్లో పోసి, ఎలా ఉందో చెప్పమని కెమెరా పెట్టడం లాంటిది. ఆవకాయ బాగాలేదని ఆయన అంటే తప్పు ఆయనదీ కాదు, ఆవకాయదీ కాదు.

తెలియని తిండి గురించి తెలుసుకోవాలంటే ముందుగా అడగాల్సింది అది ఎలా ఉంటుంది అని కాదు. ఆ ఊళ్లో ఏముంది, ఏం లేదు, ఉన్నదాన్ని చెడిపోకుండా ఎలా దాచుకున్నారు, దేనితో కలిపి తింటారు అని అడగాలి. అలా అడిగితే ఆ వింత తిండికి మన వంటింట్లోనే చుట్టం దొరుకుతుంది, చాలాసార్లు చాలా దగ్గరి చుట్టం.

సొరచేపనే తీసుకుందాం. మైపాడు దగ్గరో కొత్తపట్నం దగ్గరో సముద్రం పక్క ఊళ్లలో పాల సొర దొరికిన రోజు ఇంట్లో ఏం జరుగుతుందో ఆ ఇళ్లలో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ముక్కలు కోసి పసుపు, ఉప్పు వేసి ఉడకపెడతారు. ఉడికేటప్పుడు ఒక ఘాటు వాసన వస్తుంది, అలవాటు లేనివాళ్లు వంటింటి గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోతారు. ఉడికాక నీళ్లు వంచేసి, గరుకు కాగితంలా ఉండే తోలు ఒలిచి, నడిమి ముల్లు తీసేసి, ఆ కండని వేళ్లతో పొడిపొడిగా నలిపి, గుప్పిట్లో పట్టి నీరంతా పిండేస్తారు. పిండటం సరిగ్గా జరక్కపోతే కూర మొత్తం పాడు. తర్వాత బాణలిలో నూనె, ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి, ఎర్రగడ్డలు, దండిగా తెల్లగడ్డ వేసి ఎర్రగా వేగాక ఈ పొడి వేసి కలుపుతారు. అదే సొర పుట్టు. బాలింతలకి పాలు పడతాయని పెడతారు, మిగతావాళ్లు ఆ వంకతో తింటారు.

ఆ ఘాటు వాసన ఎందుకంటే, సొర తన ఒంట్లో యూరియాని నిలవ ఉంచుకునే జీవి. చుట్టూ ఉన్న ఉప్పునీళ్లు ఒంట్లో నీటిని లాగేయకుండా దానికి ఆ ఏర్పాటు. చచ్చిపోయిన తర్వాత సూక్ష్మజీవులు ఆ యూరియాని అమ్మోనియాగా మారుస్తాయి. ఐస్‌లాండ్ వాళ్ల సొర వంటకం హాకర్ల్ కథ కూడా ఇదే, కాకపోతే అక్కడిది గ్రీన్‌లాండ్ సొర, అందులో యూరియాతో పాటు ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం బాగా ఎక్కువ, తాజాగా తింటే తాగినవాడిలా తూలేంత విషం. పాతకాలంలో ఐస్‌లాండ్‌లో పెద్ద చెట్లు తక్కువ కాబట్టి కాచడానికి కట్టెలు తక్కువ, ఉప్పు కూడా కరువు, ఇక దండిగా ఉన్నదల్లా చలి, గాలి. అందుకని చేపని గులకరాళ్ల గుంటలో పూడ్చి పైన బరువు పెట్టి నీరంతా కారిపోయేదాకా వారాల తరబడి ఉంచి, ఆ తర్వాత నెలల తరబడి గాలికి వేలాడదీశారు. ఇక్కడ వేడినీళ్లూ గుప్పిటీ గంటలో చేసే పనిని అక్కడ గులకరాళ్లూ గాలీ నాలుగైదు నెలల్లో చేస్తాయి. పని ఒకటే, విషాన్నీ వాసననీ పిండేయడం. సొర పుట్టు ఇష్టంగా తినే మనిషి హాకర్ల్ ముక్క చూసి భయపడాల్సిన పని లేదు, ముక్కు మాత్రం కొంచెం సిద్ధంగా ఉంచుకోవాలి. అక్కడి వాళ్లు కూడా దాన్ని ప్లేటు నిండా పెట్టుకుని తినరు, చిన్న ఘన ముక్కలు రెండో మూడో, అంతే.

ఇక్కడ ఉప్పుకీ ఎండకీ కొదవ లేదు. ఇస్కపల్లి, కనుపర్తి వైపు ఉప్పు కొటార్లు చూసినవాళ్లకి ఎండు చేప ఎందుకు పుట్టిందో ఎవరూ వివరించక్కర్లేదు. వియత్నాంలో కూడా ఎండా ఉప్పూ ఉన్నాయి, కానీ వాళ్లు నెత్తళ్లని ఎండబెట్టి వదిలేయకుండా, మూడు పాళ్ల చేపకి ఒక పాలు ఉప్పు లెక్కన పెద్ద చెక్క పీపాల్లో వేసి ఏడాది పాటు ఊరనిచ్చి, కిందికి దిగే తేట నీళ్లు పట్టుకుంటారు. అదే న్యుక్ మామ్, చేప సాస్. వింటుంటే కడుపులో తిప్పుతుంది గానీ, మన చుక్కకూరలో గుప్పెడు ఎండు రొయ్యలు వేస్తే కూరకి ఒక్కసారిగా వచ్చే బరువు ఉంది చూశారా, సరిగ్గా ఆ పనే ఆ నీళ్లు చెంచాడుతో చేస్తాయి. 1908లో కికునాయె ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచులోంచి ఈ రుచికి కారణమైన గ్లుటమేట్‌ని వేరుచేసి ఉమామి అని పేరు పెట్టాడు. పేరు జపాన్‌ది, రుచి మాత్రం రొయ్యపొట్టు వేయించిన ప్రతి ఇంట్లోనూ ఉంది.

వాసన గురించి ఇంకో మాట చెప్పుకోవాలి, ఎందుకంటే తెలియని తిండి దగ్గర తొంభైపాళ్లు గొడవ దానితోనే. ముక్కు ముందు నుంచి పీల్చే వాసన వేరు, నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన వేరు. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఈ రెండోది. ఎండు చేప కాలుతున్నప్పుడు వీధి అంతా ముక్కు మూసుకుంటుంది, అదే ముక్క పప్పన్నంలో నంజుకుంటే ఆ వాసన ఏమైందో తెలియదు. దురియన్ అంతే. పైన ముళ్లు చూసి మనవాళ్లు పనసకి అన్న అనుకుంటారు గానీ చుట్టరికం అటు కాదు, దురియన్ ఉన్నది బెండ, గోంగూర, పత్తి, బూరుగు ఉన్న కుటుంబంలో. దాని గంధకపు వాసనకి భయపడి సింగపూర్ రైళ్లలో తీసుకెళ్లనివ్వరు, లోపల గుజ్జు మాత్రం మీగడలా మెత్తగా తియ్యగా ఉంటుంది.

పైగా ముక్కుని పేరు మోసం చేస్తుంది. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో జనానికి ఒకే వాసన చూపించి ఒకసారి "చెడర్ చీజ్" అని, ఇంకోసారి "ఒంటి వాసన" అని రాసి పెట్టారు. చీజ్ అన్నప్పుడు బాగుంది అన్నారు, ఒంటి వాసన అన్నప్పుడు బాగాలేదన్నారు. సీసాలో ఉన్నది రెండుసార్లూ అదే. అందుకే ఏ తిండినైనా "కుళ్లబెట్టింది" అని పరిచయం చేస్తే సగం రుచి అక్కడే పోతుంది. దోసెల పిండిని ఎవరూ కుళ్లిన పిండి అనరు, పులిసిన పిండి అంటారు. పొరుగు దేశం వాళ్ల పులుపుకి కూడా ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి.

వాసన తర్వాత వచ్చే ఇబ్బంది జిగురు. జపాన్ వాళ్ల నాటో అనే ఉడికించి పులియబెట్టిన సోయా గింజల్ని పుల్లలతో గిరగిరా తిప్పితే సన్నటి దారాలు దారాలుగా సాగుతాయి, చూసినవాళ్లకి వెంటనే వద్దనిపిస్తుంది. బెండకాయ బంకని తట్టుకోలేక వేపుడు తప్ప ఇంకో రకంగా వండని ఇళ్లకి ఇది కష్టమే. పప్పులో బచ్చలి వేసుకుని జుర్రేవాళ్లకి అంత కష్టం ఉండదు. దాన్ని పొగలు కక్కే వేడి అన్నం మీద, కాస్త ఆవముద్ద, సోయా సాస్ కలిపి తింటారు. పూర్వం గింజల్ని వరిగడ్డిలో చుట్టి పెట్టేవాళ్లు, ఆ గడ్డిలో ఉండే సూక్ష్మజీవే వాటిని పులియబెట్టేది. వరిగడ్డి మనకీ ఉంది, సోయా వండే అలవాటు లేదు, అంతే తేడా.

తెలుగువాళ్లు మొట్టమొదట రుచి చూడాల్సిన పరాయి తిండి ఏది అంటే మాత్రం కిమ్చీ కాదు, సుషీ కాదు, ఇథియోపియా వాళ్ల ఇంజెరా అని గట్టిగా చెప్పొచ్చు, అయినా దాని పేరు ఎవరి నోటా రాదు, ఎందుకంటే దాని మీద సీరియళ్లు లేవు. టెఫ్ అనే గింజ ఉంది, గసగసాలంత సన్నది, దాన్ని పిండి చేసి నీళ్లు కలిపి రెండు మూడు రోజులు పులియబెట్టి పెద్ద పెనం మీద గుండ్రంగా పోస్తారు. తిరగెయ్యరు. మూత పెట్టి ఒకవైపే కాలుస్తారు, పైన అంతా చిల్లులు చిల్లులుగా లేస్తుంది, వాటిని కళ్లు అంటారు, కళ్లు ఎక్కువ ఉంటే పిండి బాగా పులిసినట్టు. దోసె పోసే ఏ అమ్మకైనా ఈ మాట వినగానే అర్థమైపోతుంది. ఆ రొట్టెనే పళ్లెంలా పరిచి దాని మీద కారంగా ఉండే కూరలు పప్పులు కుప్పలు కుప్పలుగా వడ్డిస్తారు, ఇంట్లో అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని కుడిచేత్తో తుంచుకుని తింటారు, చివరికి కూరల రసం పీల్చుకున్న అడుగు రొట్టె కూడా తినేస్తారు, ఆ అడుగు కోసమే అసలు పోటీ. ఇంకా మధ్యలో ఒకరు ముద్ద కట్టి పక్కవాళ్ల నోట్లో పెడతారు. దానికి గుర్షా అని పేరు. ముద్ద పెద్దదైతే ప్రేమ ఎక్కువ అని అర్థం. గోరుముద్దలు తిని పెరిగినవాళ్లకి దీన్ని ప్రత్యేకంగా వివరించాలా?

పురుగుల సంగతి త్వరగా తేల్చేయొచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2013 నివేదిక ప్రకారం ప్రపంచంలో 1,900కు పైగా జాతుల పురుగుల్ని మనుషులు తింటున్నారు. తొలకరి పడ్డ రాత్రి దీపం పెట్టి ఉసిళ్లు పట్టి, రెక్కలు దులిపి, పెనం మీద వేయించి బొరుగుల్లో కలుపుకుని తిన్న పెద్దవాళ్లు మెట్ట ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లకి థాయ్ మిడత ఏమీ కొత్త కాదు. ఒక్క జాగ్రత్త ఉంది, రొయ్యలు పడనివాళ్లకి చాలామందికి పురుగులూ పడవు, రెండింటిలో ఉండే ప్రొటీన్ ఒకేలాంటిది.

అసలు మనది అనుకునే పళ్లెంలోనే ఎన్ని పరాయివి ఉన్నాయో లెక్క చూస్తే ఈ భయం ఇంకొంచెం తగ్గుతుంది. నెల్లూరు చేపల పులుసులో చింతపండు, మామిడి ముక్కలు ఎంత ముఖ్యమో ఎండుమిరప కారం అంత ముఖ్యం, కానీ మిరప అమెరికా ఖండాల మొక్క, పోర్చుగీసు ఓడలు 16వ శతాబ్దంలో దాన్ని ఇక్కడికి తెచ్చేదాకా ఈ నేల మీద కారం అంటే మిరియమే. అంటే ఆ రోజుల్లో ఎర్రటి పులుసు ముందు పెడితే ఊరంతా అనుమానంగా చూసి ఉండేది. అంత పాతకాలం దాకా కూడా పోనక్కర్లేదు. ఇందుకూరుపేట, విడవలూరు చెరువుల్లో ఇప్పుడు పెంచే వెనామీ రొయ్య మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానిది, మన దేశంలో దాని పెంపకానికి దారి తెరుచుకున్నది 2009లోనే. అంతకుముందు టైగర్ రొయ్యే రాజ్యం. ఇరవై ఏళ్లయినా కాలేదు, ఇప్పుడు పెళ్లి భోజనాల్లో రొయ్యల వేపుడు అంటే వెనామీయే, పరాయిది అనే ఆలోచన ఎవరికీ రావడం లేదు.

అలాగని అన్నీ తిని తీరాలని ఏమీ లేదు. బ్రెజిల్‌లో నెలోర్ అంటే ఊరి పేరు కాదు, పశువుల జాతి పేరు. 19వ శతాబ్దం నుంచి నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల పశువులు ఓడల్లో వెళ్లి అక్కడ లక్షలకి లక్షలు పెరిగాయి, 1960ల మొదట్లో ఒంగోలు పక్కనున్న కరవది పేరు మీద కర్వాది అని పిలిచే ఎద్దు కూడా వెళ్లింది, ఇవాళ ఆ దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఈ జాతే. వాటి మూపురాన్ని ఊచకి గుచ్చి గంటల తరబడి నిప్పుల మీద కాల్చి వడ్డించడం అక్కడ పేరున్న వంటకం, కుపిం అంటారు, ఆ మాటకి చెదలు అని అర్థం, మూపురం చెదలపుట్టలా ఉంటుందని. గిత్తని ముస్తాబు చేసి బండలాగుడు పందేనికి తీసుకెళ్లే ఇంట్లో ఈ మాట వింటేనే మనసు ఒప్పదు. ఒప్పకపోవడం తప్పేం కాదు. ఏది తినాలో తేల్చుకోవడంలో ఏది తినకూడదో తేల్చుకోవడం కూడా ఒక భాగం, ఎదుటివాళ్లు తింటున్నారని ఛీ అనకుండా ఉంటే చాలు.

ఇంకో ముఖ్యమైన విషయం, కొన్ని మన దగ్గరికి వస్తాయి, కొన్నింటి దగ్గరికి మనమే వెళ్లాలి. సీసాలో, డబ్బాలో, మంచుగడ్డల్లో వచ్చేవి ఎప్పటికైనా వస్తాయి. తైవాన్‌లో 1980ల్లో మొదలైన బబుల్ టీ ఇప్పటికే చాలా ఊళ్లకి వచ్చేసింది, అందులో నల్లగా తేలే గుండ్లు కూడా మన సగ్గుబియ్యంలాగే కర్రపెండలం పిండితో చేసినవే. మెక్సికో వాళ్ల పుల్కే మాత్రం అలా రాదు. మన చేలగట్ల మీద కంచెకి వేసే కిత్తనార లాంటి మొక్క, ఎనిమిది పదేళ్లు ముదిరాక నడిమి మొవ్వు తీసేసి గుంట చేస్తే అందులో తియ్యటి రసం ఊరుతుంది, తేనె నీళ్లు అని పేరు. పొద్దునా సాయంత్రమూ వచ్చి పొడుగాటి ఎండు సొరకాయ బుర్రతో ఆ రసాన్ని పీల్చి తీస్తారు. అది పులిస్తే తెల్లగా చిక్కగా కాస్త జిగురుగా పుల్కే అవుతుంది. దాన్ని పులియబెట్టే సూక్ష్మజీవుల్లో మన తాటికల్లులో ఉండే జైమోమోనాస్ కూడా ఉంది. పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి ఎలా మారిపోతుందో తెలిసినవాళ్లకి, పుల్కే ఎందుకు విమానం ఎక్కలేదో వేరే చెప్పాలా? మొక్క అదే కదా అని మన గట్టు మీద కిత్తనారని కోయకండి, జాతి వేరు, పచ్చి రసం తగిలితే ఒళ్లు దురదతో మండుతుంది.

సుషీ దగ్గర ఒక హెచ్చరిక తప్పదు. పొద్దున్నే వలలోంచి తీసిన చేప ఎంత తాజాదైనా ఇంట్లో పచ్చిగా తినకూడదు. పచ్చిగా తినే చేపల్ని పురుగుల గుడ్లూ పిల్లలూ చావడానికి సున్నాకి 20 డిగ్రీల దిగువన కనీసం 7 రోజులు గడ్డకట్టిస్తారు, ఇళ్లల్లో ఫ్రిజ్ దాన్ని నమ్మకంగా చేయలేదు. జపాన్ వాళ్లు కూడా తమ సముద్రంలో దొరికే సాల్మన్‌ని పురుగుల భయంతో పచ్చిగా తినేవాళ్లు కాదు, 1980ల్లో నార్వే వాళ్లు తాము సముద్రంలో వలల మధ్య పెంచే సాల్మన్‌ని పట్టుబట్టి అమ్మాకే అది సుషీ మీదికి ఎక్కింది. జపాన్ అనగానే గుర్తొచ్చే ఆ నారింజ రంగు ముక్క జపాన్‌కే కొత్త.

ఇక కిమ్చి. అందరూ అడిగేది అదే కాబట్టి, ఇంట్లో చేసుకోదగ్గది కూడా అదే కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగాలి. చలికాలం ముందు కొరియాలో బంధువులు, ఇరుగుపొరుగు అంతా చేరి నెలలకి సరిపడా కిమ్చి పెడతారు, దాన్ని కిమ్‌జాంగ్ అంటారు, 2013లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. వేసవిలో మామిడికాయలు కొట్టించి, గుడ్డతో తుడిచి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి జాడీలు నింపడం చూసినవాళ్లకి ఆ సందడి తెలిసిందే. తేడా ఎక్కడంటే మన ఊరగాయకి నూనె కాపలా, కిమ్చికి పులుపే కాపలా. ఉప్పుకి తట్టుకునే లాక్టిక్ సూక్ష్మజీవులు పెరిగి పులుపు తయారుచేస్తే చెడగొట్టేవి అందులో బతకలేవు.

చేయడానికి కొరియా క్యాబేజీయే కావాలని లేదు, కూరగాయల అంగట్లో దొరికేది చాలు. కిలో క్యాబేజీని వెడల్పు ముక్కలు కోసి గుప్పెడు కల్లుప్పు పట్టించి రెండు గంటలు వదిలేస్తే మెత్తబడి నీళ్లు వదులుతుంది, రెండుసార్లు కడిగి బాగా వాడ్చాలి. రెండు చెంచాల బియ్యప్పిండితో పల్చటి జావ కాచి చల్లారనిచ్చి, అందులో కారం, దంచిన తెల్లగడ్డ, అల్లం, ఉల్లికాడలు, సన్నగా తరిగిన ముల్లంగి కలపాలి. కారం మన ఘాటు రకం కాకుండా బ్యాడిగి అయితే రంగు వస్తుంది, నోరు మండదు. వాళ్లు ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలు వేస్తారు, వేయించి మెత్తగా దంచిన రొయ్యపొట్టు ఆ లోటు బాగానే తీరుస్తుంది. నీచు తిననివాళ్లకీ దారి ఉంది, కొరియా బౌద్ధ మఠాల్లో చేపా లేకుండా తెల్లగడ్డా లేకుండా చేస్తారు. అన్నీ కలిపి గాజు సీసాలో గాలి లేకుండా నొక్కి, ఊట ముక్కల పైకి వచ్చేలా చూసి, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. ఇక్కడ చేయి నూనె వైపూ తాలింపు గరిటె వైపూ పోతుంది, పోనివ్వకండి.

నెల్లూరు ఎండల్లో బయట ఒక్కరోజు చాలు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మర్నాడు మూత మెల్లగా తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది, ముక్కల మధ్య బుడగలు లేస్తుంటాయి. అది చెడిపోయిన గుర్తు కాదు. తెల్లారి దోసెల గిన్నె మూత తీసినప్పుడు వచ్చే పుల్లటి వాసనే, కాస్త తెల్లగడ్డ ఘాటుతో.